బేలా గుట్మన్: శాపము మరుగున పడిన జీవితము

శాపకథలు మనకు క్రొత్తవి కావు. శాపమిచ్చిన మునియొక్క కోపమును, దానిని పొందినవాని పశ్చాత్తాపమును, విమోచనమునకై పడిన పాట్లును పురాణకాలక్షేపము విన్న ప్రతివారికిని పరిచితములే. కాని విమానములును టెలివిజనును గల ఈ కాలమున, ఐరోపాఖండమునందలి యొక మహానగరమున, ఒక ఫుట్‌బాల్ శిక్షకుని శాపమును పెక్కుమంది నేటికిని తలచుకొని నిట్టూర్చుచున్నారనిన ఆశ్చర్యము కలుగక మానదు. ఆ నగరము పోర్చుగల్ రాజధానియైన లిస్బన్. ఆ జట్టు బెన్ఫికా. ఆ శిక్షకుడు హంగరీదేశస్థుడైన బేలా గుట్మన్. 1962వ సంవత్సరమున ఆయన పారితోషికపు తగవుతో జట్టును విడిచిపోవుచు, ఇక నూరేండ్లవరకు బెన్ఫికాకు ఐరోపా కప్పు దక్కదని పలికెనని వాడుక. ఆ పిమ్మట బెన్ఫికాకు ఆ కప్పు దక్కని మాట మాత్రము వాస్తవము.

1990వ సంవత్సరము మే నెలలో ఐరోపా కప్పు ఫైనలు వియన్నా నగరమున జరిగినది. బెన్ఫికాకు ప్రత్యర్థి ఇటలీదేశపు మిలాన్ జట్టు. గుట్మన్ సమాధి ఆ నగరముననే యున్నది. ఆయన మరణించి అప్పటికి దాదాపు తొమ్మిదేండ్లైనది. ఆటకు ముందు బెన్ఫికా ఆటగాండ్రలో అగ్రగణ్యుడైన యూసేబియో ఆ సమాధికడకు పోయి, శాపము తొలగవలెనని ప్రార్థించెను. ఆనాటి ఆటలో మిలాన్ ఒక గోలుతో గెలిచినది.

శిష్యుడు గురువు సమాధియెదుట నిలిచిన ఆ దృశ్యము మనసును కదలించునదే. అయినను మేమిచట చెప్పదలచినది శాపమును గూర్చి కాదు. ఆ కథ గుట్మన్‌ను ఒక కోపిష్ఠిగాను, ధనాశాపరునిగాను లోకమునకు పరిచయము చేసినది. ఆయన జీవితమును మొదటినుండి తెలిసికొన్నవారికి ఆ చిత్రము చాల చిన్నదని తోచును. ఆయన ఏ చోటను స్థిరముగ నిలువకపోవుటకును, తన శ్రమకు తగిన వెలను మొగమోటము లేక అడుగుటకును కారణములు ఆ జీవితముననే యున్నవి.

హంగరీ ఫుట్‌బాల్ మన ప్రాంతమువారికి బొత్తిగా పరాయిది కాదు. 1960లో ఇటలీదేశమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో, హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణనిచ్చిన భారతజట్టు హంగరీజట్టుతో తలపడి, ఒక గోలుకు రెండు గోళ్ల తేడాతో మాత్రమే ఓడినది. మన జట్టుపక్షమున ఆ గోలు చేసినవాడు సికిందరాబాదులో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం. అప్పటికి హంగరీవారి పేరు ఫుట్‌బాల్ లోకమంతట మారుమ్రోగుచుండెను. 1953లో వారు లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును ఆరు గోళ్లకు మూడింటితో ఓడించిరి. ఆ విద్య ఒక్కనాటిలో అబ్బినది కాదు. దాని మూలములు గుట్మన్ బాల్యకాలమునందే కలవు.

గుట్మన్ 1899వ సంవత్సరము జనవరి 27వ తేదీన బుడాపెస్టు నగరమున ఒక యూదుకుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులిరువురును నృత్యము నేర్పి జీవించువారు. కుమారుడును పదునారేండ్ల ప్రాయముననే నృత్యశిక్షకుడుగా యోగ్యత సంపాదించెను. అడుగు ఎచట పడవలెను, శరీరభారము ఏ కాలిపై నిలువవలెను, ఎప్పుడు మలగవలెను అను విషయములు ఆయనకు మైదానమునకన్న ముందు నాట్యశాలలో తెలిసినవి. నేర్పుట యనునది ఆ యింటి వృత్తి. పిల్లవాడు ఆ వృత్తిని విడువలేదు, నేర్పు విద్యను మాత్రము మార్చుకొనెను.

ఆ దినములలో బుడాపెస్టులోని ఎం.టి.కె. అను జట్టు హంగరీలో మేటిగా నుండెను. మొదటి ప్రపంచయుద్ధము పొడసూపినప్పుడు జిమ్మీ హోగన్ అను ఇంగ్లీషు శిక్షకుడు శత్రుదేశస్థుడుగా ఆస్ట్రియా-హంగరీ రాజ్యమున చిక్కుకొని, తుదకు ఈ జట్టునకు ఆట నేర్పువాడయ్యెను. బంతిని బలముగ ఎగురదన్ని దాని వెంట పరుగిడుట గాక, నేలమీద ఒకరినుండి యొకరికి చిన్న చిన్న అందింపులతో నడుపుట ఆయన బోధించిన పద్ధతి. ఆయన వెడలిపోయిన తరువాత ఆ జట్టులో చేరిన గుట్మన్ ఆ సంప్రదాయముననే పెరిగెను. 1920లోను, 1921లోను ఎం.టి.కె. దేశవిజేత యైనది. గుట్మన్ ఆడిన స్థానము సెంటర్ హాఫ్. ఆ కాలమున ఆ స్థానము జట్టునకు ఇరుసువంటిది. వెనుకనున్నవారు కాపాడి యిచ్చిన బంతిని అందుకొని, ముందున్నవారిలో ఎవరికి పంపవలెనో నిర్ణయించువాడు అతడే. ఆట నంతటిని ఒక్కచూపున చూడవలసిన ఆ స్థానమునుండి తరువాతి కాలమున పెక్కుమంది శిక్షకులు తయారగుట సహజమే.

ఇంతలో దేశపు గాలి మారినది. 1919నాటి విప్లవము విఫలమైన వెనుక హంగరీలో యూదులపై దాడులు చెలరేగినవి. విశ్వవిద్యాలయములలో యూదువిద్యార్థుల సంఖ్యను పరిమితము చేయు శాసనము 1920లో వచ్చినది. గుట్మన్ స్వదేశమును విడిచి వియన్నా చేరి, హకోవా అను యూదుల క్రీడాసంఘమున ఆటగాడయ్యెను. 1909లో స్థాపితమైన ఆ సంఘముపేరునకు హీబ్రూభాషలో బలమని అర్థము. యూదులు దుర్బలులని అవహేళన చేయుచున్న కాలమున ఆ పేరే యొక సమాధానము. 1923లో ఆ జట్టు లండనుకు పోయి వెస్ట్ హాం జట్టును ఐదు గోళ్లతో ఓడించినది. 1925లో ఆస్ట్రియాదేశమునకే విజేత యైనది. ఆ విజేతలలో గుట్మన్ ఒకడు.

వియన్నాలో నున్నను, 1924లో పారిస్ ఒలింపిక్కులకు హంగరీ ఆయనను పిలిచినది. ఆ జట్టులో ఆటగాండ్రకన్న అధికారులే హెచ్చుగా నుండిరనియు, బస చేసిన హోటలు అధికారుల విలాసములకు అనువైనదే గాని ఆటగాండ్ర నిద్రకు అనువైనది కాదనియు చెప్పుదురు. గుట్మన్ తన నిరసనను చిత్రముగా తెలిపెను. ఆ హోటలులో దొరకిన చచ్చిన ఎలుకలను అధికారుల గదుల తలుపులకు వ్రేలాడగట్టెనట. హంగరీ ఈజిప్టు చేతిలో మూడు గోళ్లతో ఓడి ఇంటిదారి పట్టినది. గుట్మన్ మరల ఎన్నడును స్వదేశపు జట్టులో ఆడలేదు. పాలకవర్గముతో ఆయన జీవితమంతయు సాగించిన పోరునకు ఇది నాంది యనవచ్చును.

1926లో హకోవా జట్టు అమెరికా యాత్ర చేసెను. మే 1వ తేదీన న్యూయార్కులో వారి ఆట చూచుటకు నలుబది యారువేలమంది వచ్చిరి. అమెరికాలో ఒక ఫుట్‌బాల్ ఆటకు అంతమంది వచ్చుట మరల యాబదియేండ్లవరకు జరుగలేదు. ఆ దేశపు స్వేచ్ఛయు, అచటి జీతములును చూచి పెక్కుమంది ఆటగాండ్రు అచటనే యుండిపోయిరి. గుట్మన్ కూడ న్యూయార్కు జట్లలో ఆడి, 1929లో దేశపు కప్పు గెలిచిన జట్టులో నుండెను. మద్యనిషేధపు రోజులలో ఒక రహస్య పానశాలలో వాటాయు కొనెను. కూడబెట్టిన ధనమును వాటాల బజారులో పెట్టెను. 1929 అక్టోబరులో ఆ బజారు కూలినప్పుడు ఆ ధనమంతయు కరగిపోయెను. ముప్పది యేండ్ల వయసున ఆయనకు మిగిలినవి అలసిన రెండు కాళ్లును, ఆటను గూర్చిన జ్ఞానమును మాత్రమే.

ఆ జ్ఞానమే తరువాతి జీవనాధారమైనది. 1933లో వియన్నాకు మరలి వచ్చి హకోవాకు శిక్షకుడయ్యెను. 1935లో హాలెండునందలి ఎన్స్కెడే జట్టునకు పోయెను. ఆ జట్టును గూర్చి యొక కథ కలదు. జట్టు దేశవిజేత యైనచో తనకు పెద్ద బహుమానము ముట్టవలెనని గుట్మన్ ఒప్పందమున వ్రాయించెను. క్రింది శ్రేణికి దిగజారకుండిన చాలునని యున్న ఆ జట్టు విజేత యగుట కలలోని మాట గనుక అధ్యక్షుడు నవ్వుచు సంతకము చేసెను. తీరా జట్టు నానాటికి పైకి రాసాగినది. చేసిన వాగ్దానము చెల్లించు శక్తి సంఘమునకు లేదు. తన జట్టు ఓడవలెనని ఆ అధ్యక్షుడే లోలోపల మ్రొక్కుకొనెనట. ఈ కథలో ఎంత అలంకారమున్నదో గాని, గుట్మన్ స్వభావమును మాత్రము చక్కగ పట్టి యిచ్చినది. ఒప్పందమనిన ఆయనకు లాంఛనము కాదు.

1938 మార్చిలో హిట్లరు సేనలు ఆస్ట్రియాను ఆక్రమించినవి. హకోవా సంఘము రద్దయినది. ఆ యేటి పోటీలలో అది ఆడిన ఆటల ఫలితములను సైతము పట్టికలనుండి తుడిచివేసిరి. గుట్మన్ హంగరీకి పోయి, ఉయ్‌పెస్ట్ జట్టునకు శిక్షకుడయ్యెను. మరుసటి యేడు, 1939లో, ఆ జట్టు హంగరీ విజేత యైనది. మధ్యఐరోపా దేశముల మేటిజట్లకై పెట్టిన మిట్రోపా కప్పును గూడ గెలిచినది. అంతటి విజయము సాధించిన శిక్షకుడు ఆ పదవిలో నిలువలేకపోయెను. యూదులను కొలువులనుండి తొలగించు శాసనములు అప్పటికే హంగరీలోను వచ్చియుండెను.

తరువాతి యైదేండ్లను గూర్చి గుట్మన్ తన జీవితకాలమున ఇంచుమించుగ నోరు విప్పలేదు. తన జీవితచరిత్రమున ఒకటి రెండు వాక్యములతో ఆ కాలమును దాటివేసెను. ఆయన స్విట్జర్లాండులో తలదాచుకొనెనని చాలకాలము లోకము నమ్మినది. ఇటీవలి పరిశోధకుల కృషివలనను, ముఖ్యముగ డేవిడ్ బోల్చోవర్ 2017లో ప్రకటించిన జీవితచరిత్రమువలనను నిజము బయటపడినది.

1944 మార్చిలో జర్మను సేనలు హంగరీని ఆక్రమించినవి. మే నడుమనుండి జూలై మొదటివారపు చివరివరకు, ఎనిమిది వారములలో, నాలుగు లక్షలకు పైగా యూదులను రైలుపెట్టెలలో కుక్కి దేశమునుండి తరలించిరి. వారిలో అత్యధికులు చేరినది ఆష్విట్జ్ మరణశిబిరము. గుట్మన్ తండ్రియు, సోదరియు, పెక్కుమంది బంధువులును హతులైరి. ఆయన మాత్రము ఉయ్‌పెస్ట్ ప్రాంతమున ఒక యింటి అటకపై దాగియుండెను. ఆశ్రయమిచ్చినవాడు యూదుడు కాడు. గుట్మన్ జీవితసహచరియైన మరియన్నకు తోడబుట్టినవాడు. ఐదేండ్లక్రితము వేలాదిజనులు చప్పట్లు చరచిన అదే పేటలో ఆ శిక్షకుడు అడుగుల చప్పుడు వినబడకుండ నెలలు గడపవలసి వచ్చెను.

ఆ తరువాత ఆయన నిర్బంధశ్రామికుల శిబిరము పాలయ్యెను. అచట ఎర్నో ఎర్బ్‌స్టైన్ అను మరియొక శిక్షకుడును ఖైదీగా నుండెను. 1944 డిసెంబరులో, ఇంకను ఘోరమైన చోటికి తరలింపబడనుండగా, వారిరువురును మరికొందరితో కలిసి తప్పించుకొని పారిపోయిరి. ఎర్బ్‌స్టైన్ యుద్ధానంతరము ఇటలీలోని టొరీనో జట్టును అజేయముగ తీర్చిదిద్దెను. 1949 మే 4వ తేదీన సుపెర్గా కొండపై విమానము కూలినప్పుడు ఆయనయు ఆ జట్టంతయు మరణించిరి. ఒక్క శిబిరమునుండి బయటపడిన ఇరువురు మనుష్యులు ఐరోపా ఫుట్‌బాల్‌కు చేసిన దోహదము తలచుకొన్నప్పుడు, ఆ శిబిరములలో ముగిసిపోయిన తక్కిన జీవితములలో ఎంత విద్య, ఎంత ప్రతిభ అణగిపోయెనో యని గుండె బరువెక్కును.

యుద్ధము ముగిసిన పిమ్మట గుట్మన్ మరల పని మొదలుపెట్టెను. రుమేనియాలో ఒక జట్టునకు శిక్షణ ఇచ్చునప్పుడు డబ్బునకు విలువ లేని కాలమగుటచేత, జీతమును కూరగాయలు మొదలగు తినుబండారముల రూపమున ఇమ్మని కోరెను. పాలకులలో ఒకరు జట్టు కూర్పులో చేయి పెట్టబోగా, ఆ కొలువును విడిచెను. 1947లో ఉయ్‌పెస్ట్‌ను తిరిగి దేశవిజేతగా నిలిపెను. తరువాత కిష్పెస్ట్ జట్టునకు వచ్చెను. పిమ్మట జగత్ప్రసిద్ధుడైన ఫెరెంక్ పుష్కాష్ అప్పుడు ఆ జట్టున యువకుడు. ఒకనాటి ఆటలో మొరటుగ ఆడుచున్న ఒక ఆటగానిని గుట్మన్ విరామసమయమున మైదానమునకు పోవద్దని ఆజ్ఞాపించెను. పుష్కాష్ అతనిని ఆడుమనెను. ఆటగాడు పుష్కాష్ మాటనే వినెను. గుట్మన్ వాదింపలేదు. ప్రేక్షకుల నడుమ కూర్చుండి, గుఱ్ఱపుపందెముల పత్రిక చదువుకొని, ఆట ముగిసిన పిమ్మట ట్రాము ఎక్కి యింటికి పోయెను. ఆ జట్టుకడకు మరల రాలేదు.

అక్కడనుండి ఆయనది సంచారజీవితము. ఇటలీలో రెండు జట్లు, పిదప అర్జెంటీనా, సైప్రసు. 1953 చివర మిలాన్ జట్టు బాధ్యత స్వీకరించెను. 1955 ఫిబ్రవరిలో ఆ జట్టు ఇటలీపట్టికలో అగ్రస్థానమున నుండగనే పాలకులు ఆయనను తొలగించిరి. ఆ యేడు మిలానే విజేత యైనది. ఓడిన శిక్షకుని పంపివేయుట ఎచటనైనను కలదు. ముందంజలోనున్న జట్టు శిక్షకుని పంపివేయుట విడ్డూరము. నాటినుండి, తన జట్టు అగ్రస్థానమున నున్నంతకాలము తనను తొలగింపరాదను నిబంధనను ఒప్పందములలో చేర్పించెనని చెప్పుదురు.

1956 అక్టోబరులో హంగరీలో ప్రజలు తిరుగబడిరి. సోవియట్ సేనలు ఆ తిరుగుబాటును అణచివేసినవి. అప్పుడు విదేశములలో నుండిన హోన్‌వేద్ జట్టు వెంటనే స్వదేశమునకు మరలక 1957 ఆదిలో బ్రెజిల్ యాత్ర చేసెను. పూర్వపు కిష్పెస్టే ఈ హోన్‌వేద్. పుష్కాష్ దాని నాయకుడు. ఆ యాత్రకు శిక్షకుడుగా వచ్చినవాడు మన గుట్మన్. ట్రాము ఎక్కిపోయిన గురువును, మాట వినని శిష్యుడును దేశము కోల్పోయినవారై సముద్రమున కావల మరల కలిసిరి. యాత్ర ముగిసిన వెనుక గుట్మన్ బ్రెజిల్‌లోనే సావో పాలో జట్టున శిక్షకుడుగ చేరి, ఆ యేడే ఆ రాష్ట్రపు విజేతపదవి సంపాదించి పెట్టెను.

ఇచట ఆటపద్ధతిని గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. అంతకుముందు జట్లు సాధారణముగ వెనుక ముగ్గురు, నడుమ ఇరువురు, వారి ముందు ఇరువురు, కొనను ముగ్గురుగా నిలిచెడివి. హంగరీలోను, బ్రెజిల్‌లోను కొందరు శిక్షకులు దీనిని మార్చి, వెనుక నలుగురిని, నడుమ ఇరువురిని, ముందు నలుగురిని నిలుపసాగిరి. నాలుగు-రెండు-నాలుగు అని ప్రసిద్ధికెక్కిన వ్యూహము ఇదియే. నడుమ నున్నవారు ఇరువురే గనుక వారికి విశ్రాంతి యుండదు. ప్రక్కనున్నవారు ముందునకును వెనుకకును పరుగిడి వారికి తోడుపడవలెను. ఈ వ్యూహమును గుట్మన్ ఒక్కడే కనిపెట్టెననుట సరి కాదు. కాని హంగరీ అనుభవమును ఆయన సావో పాలోలో స్వయముగ నాటి చూపెను. బంతిని కాలికడ నిలుపుకొని వినోదింపక, రెండు మూడు అందింపులలో గోలుకడకు చేర్చవలెనని ఆయన శాసించెను. మరుసటి యేడు, 1958లో, ఆ సావో పాలో సంఘముననే పనిచేసిన విసెంటే ఫియోలా శిక్షణలో బ్రెజిల్ ఈ వ్యూహముతోనే మొదటిసారి ప్రపంచకప్పు గెలిచినది.

గుట్మన్ ఆ విజయము చూచుచు కూర్చుండలేదు. 1958లో పోర్చుగల్‌లోని పోర్టో జట్టునకు వచ్చెను. 1959లో ఆ జట్టు బెన్ఫికాతో సమానముగ పాయింట్లు పొంది, గోళ్ల లెక్కలో ఒకే ఒక గోలు ఆధిక్యముతో దేశవిజేత యైనది. ఓడిన బెన్ఫికా చేసిన తెలివైన పని, తమను ఓడించిన శిక్షకునే తెచ్చుకొనుట. ఆయన వచ్చి, వయసు మీరిన పలువురిని పంపివేసి, యువకులకు అవకాశమిచ్చెను. 1960లోను, 1961లోను బెన్ఫికా దేశవిజేత యైనది.

ఐరోపా కప్పు అప్పటికి ఐదుమార్లు జరిగియుండెను. ఐదింటిని స్పెయిన్‌దేశపు రియల్ మాడ్రిడ్ జట్టే గెలిచినది. ఆరవ ఫైనలు 1961 మే 31వ తేదీన స్విట్జర్లాండునందలి బెర్న్ నగరమున బెన్ఫికాకును, బార్సిలోనాకును నడుమ జరిగినది. బార్సిలోనా పక్షమున ఆడినవారిలో కోచిష్, చీబోర్ అను హంగరీవారు కలరు. 1954లో ఇదే మైదానమున వారిరువురు ప్రపంచకప్పు ఫైనలులో జర్మనులచేత మూడు గోళ్లకు రెండింటితో ఓడియుండిరి. ఈనాడు వారిరువురు చెరియొక గోలు చేసిరి. ఈనాడును ఫలితము మూటికి రెండు. ఈనాడును ఓడినది వారే. గెలిచినవాడు మరియొక హంగరీవాడు.

ఆ కాలముననే గుట్మన్‌కు ఒక రత్నము లభించినది. లిస్బనులోని యొక క్షౌరశాలలో ఆయనకు బ్రెజిల్‌నాటి పరిచితుడొకడు కనబడి, ఆఫ్రికా యాత్రలో తాను చూచిన అద్భుతబాలుని గూర్చి చెప్పెనట. ఆ బాలుడు అప్పుడు పోర్చుగల్ పాలనలోనున్న మొజాంబిక్ దేశపు యూసేబియో. 1942లో పుట్టిన ఆ యువకుడు 1960 డిసెంబరులో లిస్బను చేరెను. ప్రత్యర్థిజట్టైన స్పోర్టింగ్ ఆతడు తమవాడని వాదించుటచేత కొన్నినాళ్లు దక్షిణతీరమున ఒక యూరిలో దాచవలసి వచ్చెను. తగవు తీరి అతడు ఆడ మొదలిడునప్పటికి బెర్న్ ఫైనలు సమీపించినది. అందు అతనికి చోటు లేదు.

మరుసటి యేడు చోటు దొరకినది. 1962 మే 2వ తేదీన ఆంస్టర్‌డాంలో బెన్ఫికా రియల్ మాడ్రిడ్‌ను ఎదుర్కొనెను. ఆ పక్షమున పుష్కాష్! విరామమునకు ముందే ఆయన మూడు గోళ్లు చేసెను. బెన్ఫికా రెండు మాత్రమే చేసినది. గుట్మన్ విరామమున వ్యూహమును సవరించెను. పుష్కాష్‌కు బంతి యెచటనుండి వచ్చుచున్నదో చూచి, ఆ బంతి నందించు డి స్టెఫానోను వెన్నాడు పనిని కవేం అను ఆటగానికి అప్పగించెను. ఊట మూసిన కాలువ యెండినట్లు రియల్ మాడ్రిడ్ దాడి సన్నగిల్లినది. కొలూనా గోళ్లను సమము చేసెను. తరువాత ఇరువది యేండ్ల యూసేబియో రెండు గోళ్లు చేసెను. బెన్ఫికా ఐదింటికి మూడుతో గెలిచినది.

శాపకథ మొదలగునది ఇక్కడ. రెండుమార్లు ఐరోపావిజేతగా నిలిపిన తనకు తగిన పారితోషికము కావలెనని గుట్మన్ కోరెననియు, ఒప్పందమున అది లేదని పాలకులు నిరాకరించిరనియు చెప్పుదురు. ఆయన వెడలిపోయెను. ఒక జట్టుకడ మూడవ యేడు శిక్షకునకు గండమని ఆయన నమ్మకము. మొదటి యేడు ఆటగాండ్రు శ్రద్ధగ విందురు, రెండవ యేడు గెలుతురు, మూడవ యేటికి గురువు మాట పాతబడును.

శాపవాక్యము నిజముగ ఆయన నోట వెలువడెనా యనునది నేటికిని సందేహాస్పదమే. నిజమని యనుకొన్నను, లెక్క చూతము. 1963లో బెన్ఫికా మిలాన్ చేతిలో ఓడినప్పుడు నాయకుడైన కొలూనా గాయపడెను. గాయపడినవానికి మారుగ మరియొకని దింపు నియమము ఆ దినములలో లేదు. 1965లో ఇంటర్ జట్టుతో వారి సొంత మైదానముననే ఆడవలసి వచ్చెను. నడుమ గోలుకీపరు గాయపడి తొలగగా వెనుకవరుస ఆటగాడొకడు గోలులో నిలిచెను. 1968లో అదనపు సమయమున ఓటమి. 1988లో పెనాల్టీలవలన ఓటమి. 1990 సంగతి ముందే చెప్పితిమి. వీనికి 1983, 2013, 2014 సంవత్సరములలో ఐరోపా రెండవశ్రేణి కప్పు ఫైనళ్లను చేర్చినచో ఎనిమిది పరాజయములు. ఒక్కొకదానికి ఒక్కొక కారణము. మరియు ఫైనలులో ఓడుటకు ముందు ఫైనలు చేరవలెను గదా! ఎనిమిదిమార్లు చేరిన జట్టును శాపగ్రస్తమనుటకన్న బలసంపన్నమనుట న్యాయము.

శాపమును ఖండించు సాక్షి మరియొకడు కలడు. అతడు గుట్మనే. 1965లో ఆయన బెన్ఫికాకు మరల శిక్షకుడుగ వచ్చెను. తానే యిచ్చిన శాపమును నమ్మినవాడు అటుల రాడు. ఆ రెండవ రాకడ కలిసిరాలేదు. 1966 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు లిస్బనుకే వచ్చి బెన్ఫికాను ఐదు గోళ్లకు ఒకదానితో ఓడించినది. దానికి కారణము శాపము కాదు, ఆనాడు పందొమ్మిదేండ్ల జార్జ్ బెస్ట్ ఆడిన ఆట.

తరువాతను ఆయన స్విట్జర్లాండు, గ్రీసు, ఆస్ట్రియా దేశములలో పనిచేసి, 1974లో పోర్టోతో తన వృత్తిని ముగించెను. 1981 ఆగస్టు 28వ తేదీన వియన్నాలో మరణించెను. ఒకనాడు ఆటగాడుగ వెలిగిన ఊరు, పిదప తనవారిని తరిమివేసిన ఊరు, తుదకు విశ్రాంతినిచ్చిన ఊరు అదియే.

పాలకులతో గుట్మన్ పడిన తగవులను లెక్కించుట సులభము. ఆ తగవులు పడిన మనిషి యెటువంటివాడో చూడవలెను. ఆయన దాచిన ధనమును బజారు మింగినది. ఆడిన జట్టును రాజ్యము తుడిచివేసినది. కప్పు గెలిచిన యేడే కొలువు పోయినది. కన్నతండ్రిని మరణశిబిరము పొట్టనబెట్టుకొన్నది. అటువంటివాడు ఒక సంస్థయొక్క మంచిమాటను నమ్మి, రేపు చూచుకొందమని ఊరకుండునా? వ్రాతమూలకమైన ఒప్పందమునే నమ్మును. దానిని మీరినచో పెట్టె సర్దుకొనును. దీనిని ధనాశ యనుటకన్న అనుభవమనుట ఉచితమని మా యభిప్రాయము. ఆయన కోపమును గుణముగ పొగడుట మా యుద్దేశము కాదు. దాని వెనుకనున్న గాయమును చూడక తీర్పు చెప్పరాదని మాత్రమే మా మనవి.

2014లో బెన్ఫికావారు తమ మైదానమున గుట్మన్ విగ్రహమును ప్రతిష్ఠించిరి. ఆ విగ్రహపు రెండు చేతులలోను రెండు కప్పులు కలవు. శాపవిమోచనమునకై చేసిన పని యని కొందరు నవ్వుదురు. మాకు మాత్రము అది ఆలస్యముగ చెల్లించిన ఋణమువలె కనబడుచున్నది. 1944లో అటకపై ఊపిరి బిగబట్టి దాగిన నలుబదియైదేండ్ల మనిషి, పదునెనిమిదేండ్లలోపున ఐరోపా కప్పును రెండుమార్లు గెలిచెను. ఆయనను తలచుకొనువారు నూరేండ్ల శాపమునకన్న ముందు ఆ పదునెనిమిదేండ్ల ప్రయాణమును తలచుకొందురు గాక.